బడి వెనక కూరమడులు: పోయినేడు మేకలు మేశాయి, ఈసారి ఎలా చేయమంటారు?

బలపం_టీచర్ (ప్రశ్న, జూన్ 15)

అందరికీ నమస్కారం. మాది కనిగిరి దగ్గర ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల. ఒకటి నుంచి ఐదు దాకా 47 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. బడి వెనక వంటగదికీ ప్రహరీకీ మధ్య మూడు సెంట్ల దాకా ఖాళీ జాగా ఉంది. ప్రహరీ అన్నానే గానీ మూడు వైపులే. నాలుగో వైపు గోడ ఎప్పుడు లేస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

పోయినేడు బడి తెరిచిన వారానికే పిల్లలచేత కొత్తిమీర, పాలకూర, టమాటా వేయించాను. కొత్తిమీర అసలు మొలవలేదు. పాలకూర నాలుగాకులు వేసి మాడిపోయింది. టమాటా మాత్రం చక్కగా వచ్చింది, పూత కూడా పట్టింది. ఒక సోమవారం పొద్దున వచ్చి చూస్తే మోళ్ళు మిగిలాయి. ఆదివారం మేకలు పడ్డాయి. మూడో తరగతి పిల్ల ఒకతి ఆ మోళ్ళ దగ్గర కూర్చుని ఒకటే ఏడుపు. ఏం చెప్పి ఊరుకోబెట్టాలో నాకు తెలియలేదు. ఎందుకంటే ఆ మేకలు వాళ్ళవే. ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు.

ఈసారి మళ్ళీ మొదలుపెడదామని ఉంది. మా హెడ్మాస్టరు గారు అవుననరు, కాదనరు, "చూడండమ్మా మీ ఇష్టం" అంటారు. ఆయన్ని నేను తప్పు పట్టను, రేపు ఏదన్నా అయితే సంతకం ఆయనది.

అసలు ఇబ్బందులు మూడు. ఒకటి, ఎండాకాలం సెలవులు. ఏప్రిల్ చివర బడి మూస్తే మళ్ళీ జూన్ 12కి తెరుస్తాం, అన్నాళ్ళు నీళ్ళు ఎవరు పోస్తారు? రెండు, పిల్లలు వంట కూడా నేర్చుకుంటామంటున్నారు. ఐదో తరగతి వాళ్ళయితే రోజూ వంటగది గుమ్మం దగ్గరే ఉంటారు. పొయ్యి దగ్గరికి రానివ్వాలా వద్దా? మూడోది మీకు నవ్వులాటగా ఉండొచ్చు. ఆరు బెండకాయలు కాస్తే 47 మందికి ఎలా పంచాలి? పోయినేడు నాలుగు టమాటా పిందెలు చూసి నాకు ముందు వచ్చిన టెన్షన్ అదే.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక నాన్న బడికొచ్చి అడిగాడు, "మేడమ్, మట్టి పిసికే పని మా ఇంట్లో చాలినంత ఉంది. అది తప్పుతుందనే గదా వాణ్ణి బడికి పంపింది?" అని. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు. నేను నీళ్ళు నమిలాను. ఇప్పటికీ దానికి నా దగ్గర జవాబు లేదు.

అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. యూట్యూబులో డాబా తోటల వీడియోలు చాలా చూశాను, దయచేసి అవి పంపకండి.

---

నాగలి_సాలు

అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, ఇప్పుడు సొంత సేద్యం చేస్తున్నా. మీ పంట పోవడానికి మేకలు సగమే కారణం మేడమ్, ఏమనుకోకండి. మీ వైపు జూన్ ఎండలో కొత్తిమీర, పాలకూర వేయడమే తప్పు. అవి చలికి ఇష్టపడేవి. అక్టోబరు, నవంబరులో వేయండి. కొత్తిమీరకు ధనియాలు అలాగే చల్లొద్దు. చెప్పుతోనో చెక్కతోనో నలిపి రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి చల్లాలి. అయినా మొలవడానికి ఎనిమిది పది రోజులు పడుతుంది. అన్నాళ్ళు ఒకటో తరగతి వాళ్ళు ఆగరు, మట్టి తవ్వి చూస్తారు. వాళ్ళకు మెంతులు ఇవ్వండి, మూడో రోజుకల్లా మొలక కనిపిస్తుంది.

ఇప్పుడు వేయాల్సినవి తోటకూర, గోంగూర, బెండ, గోరుచిక్కుడు. బచ్చలికి విత్తనం కూడా అక్కర్లేదు, ఎవరింట్లోనన్నా తీగ ముక్క తెచ్చి గుచ్చితే చాలు. బీర, సొర పాదులు కంచె మీదికి పాకించండి.

తోటకూర విత్తనం ఆవగింజ కంటే చిన్నది. పిల్లల చేతికిస్తే అంతా ఒకే చోట పోస్తారు. మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడవు మడికి అర టీస్పూను విత్తనం చాలు. దాన్ని రెండు గుప్పెళ్ళ పొడి ఇసుకలో కలిపి చల్లించండి. మడి చుట్టూ బూడిద పోయండి, లేకపోతే రాత్రికి రాత్రే చీమలు విత్తనం మోసుకుపోతాయి. 25 నుంచి 30 రోజులకు మొదటి కోత. పీకొద్దు, కొయ్యండి, మళ్ళీ చిగురిస్తుంది.

జీవామృతం ఎరువు కావాలంటే ఎకరానికి లెక్క ఇదీ: ఆవుపేడ 10 కిలోలు, మూత్రం 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, పప్పుల పిండి 2 కిలోలు, గట్టు మట్టి గుప్పెడు, నీళ్ళు 200 లీటర్లు. మీ మూడు సెంట్లకు ఎంతో ఐదో తరగతి వాళ్ళచేత కట్టించండి. (ఆరు లీటర్ల నీళ్ళు, పేడ 300 గ్రాములు, బెల్లం 60 గ్రాములు రావాలి. రాకపోతే లెక్కల పీరియడ్ పెంచండి.) నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో కలిపి, మట్టిలోనే పోయాలి. కోతకొచ్చిన ఆకు మీద మాత్రం చల్లొద్దు.

మేకలకు నా దగ్గర మందు లేదు. చిల్లకంపతో ముళ్ళ కంచె ఒక్కటే.

---

సూటిగా

ఇవన్నీ ఫొటోలకు తప్ప దేనికీ పనికిరావు. పైవాళ్ళు వచ్చినప్పుడు పిల్లల చేతిలో నాలుగు వంకాయలు పెట్టి ఫొటో, అది వాట్సాప్ గ్రూపులో, మర్నాడు తోట ఎండిపోద్ది. రెండో తరగతి పిల్లాడికి కూడికలు రావట్లేదు, అది చూడండి ముందు.

---

బలపం_టీచర్

సూటిగా గారూ, ఫొటోల సంగతి మీరన్నది నిజమే, నేనూ రెండు పెట్టాను. కూడికల సంగతి కూడా నిజమే.

---

పాతబడి_పంతులు

బిడ్డా, నేను జనగామ దిక్కు 34 ఏళ్ళు బడిపంతులుగా చేసి 2016లో రిటైరయిన. నీ పోస్టు రెండుసార్లు చదివిన. ఆ మేకల పిల్ల కథ కాడ ఆగిపోయిన. మాకు మేకలు కాదు, కోతులు. కోతుల ముందర మేకలు శానా మర్యాదస్తులు. ఇక మీద అందరికీ తెలిసేటట్టు రాస్తాను.

ముందు లెక్క చెప్తాను. ప్రైమరీ పిల్లవాడికి మధ్యాహ్న భోజనంలో రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అని ఉంటుంది. నీ 47 మందికి కూరగాయలే రెండు కిలోల 350 గ్రాములు. మూడు సెంట్ల తోట ఏ రోజూ అంత ఇవ్వదు. అది మొదలే ఒప్పుకుంటే సగం టెన్షన్ పోతుంది. మన తోట బడిని మేపడానికి కాదు. వారానికి ఒక్కరోజు గిన్నెలో మన ఆకు పడాలి, పడిందని ప్రతి పిల్లవాడికీ తెలియాలి. పైన నాగలి_సాలు చెప్పిన మడి ఉంది కదా, మూడు బై పది, దాంట్లో ఒక కోతకు రెండు రెండున్నర కిలోల తోటకూర వస్తుంది. అంటే ఒక మడి అంటే బడికి ఒక పూట పప్పు. నాలుగు మడులు చెయ్యి. అన్నీ ఒకే రోజు విత్తకు, వారానికి ఒకటి విత్తు. అప్పుడు వారానికొకటి కోతకొస్తుంది. నేను ఈ ముక్క తెలుసుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది. మొదటి ఏడు మొత్తం ఒకేసారి విత్తి, ఒకేసారి కోతకొస్తే, వంటామె తలపట్టుకుంది.

నీ ఆరు బెండకాయల ప్రశ్న నవ్వులాట కాదు. ముక్కలుగా పంచకు. పులుసులో వెయ్యి. పప్పుచారులో ఆరు బెండకాయలు పడితే 47 మంది తిన్నట్టే. కరివేపాకు రెండు మొక్కలు, మునగ ఒకటి పెట్టు, అవి ఎప్పుడూ చాలవు అనిపించవు. మునగకు విత్తనం వద్దు, చెయ్యంత లావు కొమ్మ మూడు నాలుగడుగులది నాటు. ఒక్క మాట మర్చిపోకు. తరగతి గది కిటికీకి దూరంగా నాటు. వానాకాలం దాని మొదలుకు గొంగళ్ళు గుంపులుగా పడతాయి. మా బడిలో ఒకసారి రెండో తరగతి మొత్తం దురదతో ఇళ్ళకు పోయింది. తల్లులు నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తు.

ఇక ఆ తండ్రి మాట. ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. 1937లో వార్ధాలో గాంధీ గారు చేతిపనితోనే చదువు అన్నప్పటి నుంచీ ఈ ప్రశ్న ఉంది. కూలికి పోయే ఇంటి పిల్లవాడికి పార పట్టుకోవడం కొత్త కాదు, గౌరవమూ కాదు. నేను ఏం చేసిన అంటే, అట్లా అడిగిన ఒకాయన్ని ఒక శనివారం బడికి పిలిచి, నా కుర్చీలో కూర్చోబెట్టి, "ఈ పీరియడ్ మీది" అన్న. బోదెలు ఎట్లా తియ్యాలో, నీళ్ళు ఏ వాలున పారతాయో చెప్పిండు. నేను పిల్లల మధ్య కూర్చుని రాసుకున్న. నిజంగానే రాసుకున్న, నాకు రాదు మరి. ఆయన కొడుకు ఆ రోజు నిక్కర్లో పట్టలేదు. తండ్రి ఆ తర్వాత ఇంకేం అడగలేదు, కంచెకు కంప ఆయనే తెచ్చిండు. అందరు తండ్రులూ అట్లా మారతారని చెప్పను. ఇంకొకాయన పిల్లను ప్రైవేటు బడికి తీసుకుపోయిండు.

పొయ్యి దగ్గరికి మాత్రం ఎవ్వరినీ రానియ్యకు. 2004 జూలైలో తమిళనాడులోని కుంభకోణం ఊళ్ళో బడి వంటపాకలో అంటుకున్న మంట 94 మంది పిల్లలను పొట్టన పెట్టుకుంది. ఆ వార్త చదివిన రాత్రి నేను నిద్రపోలేదు. మర్నాడే మా వంటగది ముందర సున్నంతో గీత గీసిన, పిల్లలు దాటొద్దని. కానీ మంట లేకుండా నేర్చుకునేది ఎంత ఉందో చూడు. శ్రీరామనవమికి వడపప్పు, పానకం చెయ్యమా? పెసలు నానబెట్టి మొలకెత్తించి, నిమ్మకాయ పిండి, కొబ్బరి కోరు కలపడం. నువ్వులు వంటామె వేయించి ఇస్తే బెల్లంతో దంచి ఉండలు కట్టడం. మజ్జిగ చిలకడం. అన్నిటికంటే మా దిక్కు పచ్చిపులుసు. చింతపండు నానబెట్టి పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు, ఇంత బెల్లం. పోపు ఒక్కటే వంటామె పెడుతుంది. పిసికేది, ఉప్పు చూసేది పిల్లలు. ఉప్పు చూడడం ఎంత పెద్ద చదువో నీకు చెప్పాల్సిన పని లేదు. నలుగురు నాలుగు మాటలు అంటారు, చాలు అనీ, లేదనీ, పంచాయితీ. చివరికి ఒక పిల్ల మాట నిలుస్తుంది. ఆ పిల్ల లెక్కల్లో వెనకబడ్డ పిల్లే అయి ఉంటుంది చాలాసార్లు.

పంచుకోవడం గురించి కూడా చెప్తాను, ఇది కష్టమైనది. 1995 ఆగస్టు 15న మధ్యాహ్న భోజన పథకం మొదలైనప్పుడు మేం బియ్యమే ఇచ్చేవాళ్ళం, నెలకు మూడు కిలోలు, హాజరు సరిపోతే. మూట ఇంటికి పోయేది, పిల్లవాడు మాత్రం మధ్యాహ్నం ఖాళీ కడుపుతోనే కూర్చునేవాడు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలంది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. మా బడిలో వండడానికి వచ్చినామె మాదిగ ఇంటి కోడలు. మొదటి రోజు పద్నాలుగు మంది టిఫిన్ డబ్బాలు తెచ్చుకున్నారు. అన్నం పడదని ఒకరు, అమ్మ వద్దన్నదని ఒకరు. నేను ఉపన్యాసం ఇయ్యలేదు. ఇస్తే ఇంటికి పోయి చెప్తారు, మర్నాడు ఇరవై డబ్బాలు వస్తాయి. నేనూ మా సారూ అదే బంతిలో కూర్చుని తిన్నాం. వడ్డన పిల్లలకే ఇచ్చిన, వారానికి ఆరుగురు, హాజరుపట్టీ వరసలో. కూర్చునేది పుట్టిన నెల ప్రకారం. వడ్డించే వంతు వచ్చిన పిల్లవాడు గరిటె పట్టుకుని అందరికీ పెట్టి, తాను తినకుండా డబ్బా విప్పడానికి సిగ్గుపడేవాడు. అట్లా అట్లా దసరా నాటికి డబ్బాలు రెండుకు వచ్చినయి. ఆ రెండు మాత్రం ఐదో తరగతి అయ్యేదాకా అట్లాగే వచ్చినయి. ఆ తర్వాతి ఏడు, 2004లో, వంటకు దళితులకు ముందు అవకాశం ఇవ్వాలని కోర్టే చెప్పింది. నా బడిలో అయితే కోర్టు కంటే గరిటె ఎక్కువ పని చేసింది.

ఎండాకాలం నీళ్ళ సంగతి నాకూ చేతకాలేదు. ప్రతి మే నెలలో మునగ, కరివేప తప్ప అన్నీ చచ్చేవి.

---

గరిటె_కూతురు

టీచరమ్మా, నమస్తే. మా అమ్మ ఒక హైస్కూల్లో వంట చేస్తుంది, పద్దెనిమిదేళ్ళ నుంచి. తనకు టైప్ చేయడం రాదు, నేను చదివి వినిపించాను. తను చెప్పినవే రాస్తున్నా.

మొదటిది, పిల్లలు తోటకూర కోసుకొచ్చి పదిన్నరకు గుమ్మంలో పడేసి పోతారు, దాని నిండా ఇసుక. మూడుసార్లు కడగాలి. అమ్మ దగ్గర ఉన్నది ఇద్దరే మనుషులు. ఆకు తెచ్చిన సరదా పిల్లలది, నడుం నొప్పి అమ్మది. అందుకని మీరు ఏం కోసినా ముందు రోజు చెప్పండి. పిల్లలచేతే ఒలిపించి, రెండు నీళ్ళు కడిగించి, అప్పుడు ఇవ్వండి. ఒక పెద్ద టబ్బు, ఒక చిల్లుల బుట్ట కొనివ్వండి. ఇవి రెండూ ఉంటే ఏ వంటమ్మా కాదనదు అంటోంది.

రెండోది, మునగాకు. కొమ్మలు తెచ్చి ఆకు దూయమంటే పొద్దంతా పడుతుంది. ముందు రోజు సాయంత్రం కొమ్మల్ని ఒక పాత చీరలో మూటగట్టి పెట్టండి. పొద్దునకు విదిలిస్తే ఆకు తనంతట తనే రాలుతుంది. ఇది విడ్డూరంగా ఉంటుంది, పిల్లలకు చూపించండి. అప్పటికీ ఈనెలు ఏరాలి, లేకపోతే చిన్నపిల్లలకు గొంతులో గుచ్చుకుంటాయి.

మూడోది అమ్మ చెప్పొద్దంది, కానీ నేను రాస్తున్నా. బడిలో వంట పాఠం పెడితే ఆ పాఠానికి అమ్మనే టీచరుగా పిలవండి. ఆ తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టారని పంతులుగారు రాసింది చదువుతుంటే అమ్మ మళ్ళీ చదవమంది. తనను ఇన్నేళ్ళలో ఏ పిల్లవాడూ మేడమ్ అనలేదు, ఆయా అనే అంటారు. అనకపోయినా ఫర్వాలేదంట. కుర్చీ అయితే బాగుంటుందంట.

---

కవాసాకి_అమ్మ

నేను జపాన్‌లో ఉంటాను, మాది తెనాలి. మా పాప ఇక్కడి గవర్నమెంటు బడిలో మూడో తరగతి. మీ సెలవుల ప్రశ్నకు నాకు తెలిసిన ఒక జవాబు ఉంది, అందుకే రాస్తున్నా.

ఇక్కడ ఒకటో తరగతిలో ప్రతి పిల్లకూ ఒక ప్లాస్టిక్ కుండీ ఇస్తారు, దాంట్లో అసగావో అనే పూలతీగ పెంచాలి. రెండో తరగతిలో కూరగాయ, మా పాప చిన్న టమాటా పెట్టింది. పేరు రాసిన కుండీ, ఎవరి నీళ్ళు వాళ్ళే పోసుకోవాలి. వేసవి సెలవులు రాగానే బడివాళ్ళు తోటను ఎవరికీ అప్పగించరు, కుండీని ఇంటికి పంపించేస్తారు! తొలి ఏడు నాకు తెలియక నడిచి వెళ్ళాను. మట్టితో నిండిన కుండీ, కర్రలు, తీగ, పైగా బడి సంచి, గొడుగు. ఇద్దరం చెమటలు కక్కుకుంటూ ఇల్లు చేరాం. మీ పిల్లలకు నూనె డబ్బాలో, పెయింటు బకెట్లో అడుగున చిల్లులు పెట్టి ఇస్తే మేలో ఎవరి మొక్క వాళ్ళింట్లో ఉంటుంది కదా? బచ్చలి, కరివేప, మిరప అలా బతుకుతాయి.

భోజనం దగ్గర కూడా పంతులుగారు చెప్పినట్టే. తరగతి గదిలోనే తింటారు, వంతు వచ్చిన పిల్లలు తెల్ల కోటు, టోపీ వేసుకుని బండి తోసుకొచ్చి వడ్డిస్తారు. శుక్రవారం ఆ కోటు ఇంటికి వస్తుంది, ఉతికి, ఇస్త్రీ చేసి సోమవారం పంపాలి. తరవాతి వారం ఎవరి వంతో వాళ్ళకు ఆ కోటే. నాకది బాగా నచ్చింది, ఎవరో తెలియని పిల్ల కోసం మనం ఇస్త్రీ చేయడం. వంట మాత్రం ఐదో తరగతి దాకా మొదలుపెట్టరు. అప్పుడు ముఖ్యంగా నేర్పేది అన్నం వండడం, మిసో సూప్. మన లెక్కలో అన్నం, చారు.

అన్నీ బాగుంటాయని కాదు. మేం గొడ్డుమాంసం, పందిమాంసం తినం, నెల ముందే ఇచ్చే మెనూ కాగితంలో ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టుకుని ఆ రోజుల్లో డబ్బా పంపిస్తాను. పంతులుగారి పోస్టులో డబ్బా పిల్లల గురించి చదివి కాసేపు ఆలోచనలో పడ్డాను. మా పాప డబ్బా వేరే కారణం అనుకుంటాను. పాపకు మాత్రం కూర్చున్నచోట ఒక్కటే వేరు గిన్నె.

---

బలపం_టీచర్ (ఆగస్టు 3)

ఆలస్యానికి క్షమించండి. ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. జరిగింది రాస్తున్నాను.

పంతులుగారి మాట పట్టుకుని ఆ నాన్నకు కబురు పెట్టాను. రాలేదు. రెండోసారి పెట్టినా రాలేదు. వారం తిరిగేలోపు వాళ్ళ నాన్న, అంటే పిల్లవాడి తాత వచ్చాడు. "మావాడు కనిగిరి పనికి పోయాడు, ఏం గావాల్నో నాకు చెప్పండి" అన్నాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నేరుగా వెనక్కి పోయి, మా మడులు చూసి, "ఎవురమ్మా ఇది గీసింది, నీళ్ళు గోడకి పోతాయి గానీ మొక్కకి రావు" అన్నాడు. గీసింది నేనే. పిల్లలు పగలబడి నవ్వారు. గంటన్నరలో అన్నీ చెరిపి మళ్ళీ వేయించాడు. పలుగుతో కొట్టేది ఆయన, మట్టి ఎగదోసేది నాలుగు, ఐదు తరగతులు. చిల్లకంప మాత్రం పిల్లల్ని ముట్టనివ్వలేదు, మర్నాడు ఇంకొకాయన్ని వెంటబెట్టుకొచ్చి ఇద్దరూ కట్టారు.

మేకల పిల్లకు కంచె కాపలా ఇచ్చాను. అడిగి పుచ్చుకుంది. రోజూ బడి వదిలాక కంప తోసి చూసి పోతుంది. వాళ్ళమ్మ నవ్వుతూ చెప్పింది, ఇంట్లో మేకల్ని కూడా తిడుతోందట.

మొదటి మడి తోటకూర జూలై 19న కోశాం. కాటా వేస్తే కిలో 900 గ్రాములు. అనుకున్నదానికి తక్కువ, ఎందుకంటే ఒక మూల ఒకటో తరగతి వాళ్ళు రోజూ పీకి వేళ్ళు చూసి మళ్ళీ పాతారు. ఆ రోజు వచ్చింది 41 మంది. 41 ఇంటూ 50 ఎంతని అడిగితే ఐదో తరగతి వాళ్ళు 2 కిలోల 50 గ్రాములని కట్టి, "మేడమ్, 150 తక్కువైంది" అని వాళ్ళే చెప్పారు. దానికి రెండు సొరకాయ ముక్కలు కలిపారు వంటమ్మ. సూటిగా గారూ, రెండో తరగతివాళ్ళు కూడా కట్టలు లెక్కపెట్టి కూడారు. తప్పే కూడారు. కానీ కూడారు.

గరిటె_కూతురు గారూ, మీ అమ్మగారికి చెప్పండి. టబ్బు, చిల్లుల బుట్ట కొన్నాను, 380 రూపాయలు. పిల్లలు రెండు నీళ్ళు కడిగారు, మూడో నీళ్ళు వంటమ్మ కడిగి, ఇంకా ఇసుక ఉందని మళ్ళీ మాకే తిప్పికొట్టారు. ఆమెకు కుర్చీ వేశాం. కూర్చున్నారు. ఆకు లేతదో ముదురుదో కాడ విరిచి చప్పుడు విని చెప్పొచ్చని చూపించారు. టక్‌మంటే లేత. నాకు నలభై మూడేళ్ళు, ఆ సంగతి ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత రెండు రోజులు బడిలో ప్రతిదీ విరిచి చప్పుడు విన్నారు, సుద్దముక్కలతో సహా.

కవాసాకి_అమ్మ గారూ, పెయింటు బకెట్లు పద్నాలుగు పోగయ్యాయి. 47 కావాలి. ఊళ్ళో ఎవరింటికి సున్నం వేస్తున్నా మా పిల్లలు వెళ్ళి గుమ్మంలో నిలబడుతున్నారు.

పంచే దగ్గర ఒక గొడవ జరిగింది. గోంగూర కాస్త ఎక్కువొచ్చి, వంటకు పోను నాలుగు కట్టలు మిగిలాయి. ఎవరికివ్వాలని అడిగితే ప్రతివాడూ తనకే అన్నాడు. చీట్లు వేద్దామన్నాను. ఒక పిల్లవాడు, నాలుగో తరగతి, "మేడమ్, సెలవుల్లో నీళ్ళు పోసేవాళ్ళకి ఇద్దాం, అప్పుడు వాళ్ళు పోస్తారు" అన్నాడు. లంచం అన్నమాట! బడి పక్క ఇంట్లో ఒంటరిగా ఉండే అవ్వకు తీసుకెళ్ళి ఇచ్చారు. అవ్వ తీసుకుంది. నీళ్ళ సంగతి ఇంకా ఎవరూ అడగలేదు, మే దాకా టైముంది కదా అని ఊరుకున్నాం.

డబ్బా పిల్లలు మా బడిలోనూ ముగ్గురు ఉన్నారు. కారణం నేను అడగలేదు, నాకు తెలుసు. వడ్డన వంతులు ఈ సోమవారం నుంచి మొదలు, హాజరుపట్టీ వరసలోనే. ముగ్గురిలో ఒకడి పేరు రెండో వారంలో వస్తుంది.

పంతులుగారూ, ఈ శనివారం పచ్చిపులుసు. 41 మందికి చింతపండు ఎంత నానబెట్టమంటారు? వంటమ్మ అరకిలో అంటున్నారు, నాకు ఎక్కువనిపిస్తోంది.

---

పాతబడి_పంతులు

అరకిలో వేస్తే పిల్లలు ఊరు దాటి పారిపోతారు బిడ్డా. 200 గ్రాములు చాలు, పాత చింతపండు అయితే ఇంకా తగ్గించు. తాగే నీళ్ళతోనే నానబెట్టు, ఇది కాగేది కాదు. గింజలు, ఈనెలు పిల్లలు ఏరాలె. ఉల్లిగడ్డ కోసేది మాత్రం నువ్వే కొయ్యి, ఏడిస్తే నువ్వే ఏడువు. బెల్లం ఒకేసారి పొయ్యకు, కొంచెం చేతిలో పట్టుకుని నిలబడు. ఉప్పు ఎవరు చూశారో మళ్ళీ వచ్చి రాయి.